వేర్వేరు రకాల పుస్తకాలు చదవాలంటే ఏ దారి మేలు? సిక్కోలు, విజయనగరం పాఠకులకు ఎంపిక సలహా

కథలు చదివేవాళ్లు కథలే చదువుతారు. పోటీ పరీక్షలకు కూర్చున్నవాళ్లు చరిత్ర, భూగోళం దాటి బయటికి రారు. పద్యం రుచి తెలిసినవాళ్లకు వచనం ఆనదు. ఇందులో తప్పేం లేదు. కానీ వీళ్లలో చాలామందికి పక్క అర మీది పుస్తకం కూడా చదవాలని ఉంటుంది. తీసుకుంటారు, ముప్పయ్యో నలభయ్యో పేజీ దాకా వెళ్తారు, అక్కడితో సరి. తమకు ఓపిక లేదని తేల్చేసుకుంటారు. ఎక్కువసార్లు లోపం ఓపికలో కాదు, ఎంపికలో ఉంటుంది. ఆ రకంలో మొదటే పట్టుకోకూడని పుస్తకం పట్టుకుని ఉంటారు. లేదా అలవాటైన వేగంతోనే దాన్నీ చదవబోయి ఉంటారు. లేదా దానికి తోడుగా ఉండాల్సిన రెండో పుస్తకం చేతిలో లేకపోయి ఉంటుంది. మూడూ సరిచేసుకోగలిగినవే.

రకాన్ని అట్ట చూసి లెక్కపెట్టకండి. ఒక నవల, ఒక వ్యాస సంపుటి, ఒక జీవిత చరిత్ర, ఒక కవితా సంపుటి తెచ్చుకున్నారనుకోండి. నాలుగూ ఒకే ఆలోచన ఉన్నవాళ్లు, ఒకే పదేళ్లలో రాసినవైతే మీరు చదివింది నాలుగు రకాలు కాదు, ఒకటే. పుస్తకం తెరవగానే వేసుకోవాల్సిన ప్రశ్న: ఇందులో చెప్పింది నిజమని ఈ రచయితకు ఎలా తెలిసింది? కథకుడికి మనుషుల్ని దగ్గరగా చూసి తెలుసు. చరిత్రకారుడికి శాసనం, దస్తావేజు, ఉత్తరం చూసి తెలుసు. శాస్త్రవేత్తకు కొలిచి, మళ్లీ కొలిచి తెలుసు. ఆత్మకథ రాసినాయనకు గుర్తుండి తెలుసు. పాత పద్యకవికి కథ ముందే తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఆయన పనంతా చెప్పే తీరులో ఉంటుంది. ఈ జవాబు మారినప్పుడే రకం మారినట్టు. కింద చెప్పే ఎంపికలన్నీ దీన్ని బట్టే.

మూడు దారులు

మొదటిది వరస పద్ధతి. రెండు మూడు నెలలు ఒకే రకం చదివి, తర్వాత ఇంకో రకానికి వెళ్లడం. ఆ రకం లోతు తెలుస్తుంది, పారిభాషిక పదాలు నోటికి వస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, కొత్త రకంలో మొదటి పుస్తకం సరిగ్గా కుదరకపోతే ఆ మూడు నెలలూ చదువే ఆగిపోతుంది. పక్కన ఆదుకునే పుస్తకం ఉండదు. ప్రాచీన పద్యం నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇదే మంచి దారి. మధ్యలో పది రోజులు వదిలేస్తే చెవికి పట్టిన ఛందస్సు జారిపోతుంది.

రెండోది జంట పద్ధతి. నెమ్మదిగా చదవాల్సిన పుస్తకం ఒకటి, వేగంగా సాగేది ఒకటి, రెండూ ఒకేసారి నడుస్తాయి. ఉద్యోగం, వ్యవసాయం, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్లలో ఎక్కువమందికి ఇదే కుదురుతుంది.

మూడోది ఒకే అంశం చుట్టూ తిరిగే పద్ధతి. ఒక యుద్ధం, ఒక తుపాను, ఒక పంట, ఒక అప్పు తీసుకుని దాని మీద కథ, చరిత్ర, శాస్త్రం, పాట, సర్కారు నివేదిక చదవడం. మూడింటిలోనూ మనిషి చూపును ఎక్కువ మార్చేది ఇదే. కాకపోతే పుస్తకాలు సంపాదించుకోవడంలో శ్రమ ఎక్కువ. దగ్గర్లో మంచి గ్రంథాలయమో, పాత పుస్తకాల స్కాన్లు దించుకునే ఓపికో లేనిదే సాగదు.

మా సలహా: జంటతో మొదలుపెట్టండి, ఏడాదికి ఒకటో రెండో సార్లు అంశం పద్ధతి చేయండి, వరసను పద్యానికి ఉంచుకోండి.

జంట పద్ధతి ఎక్కడ చెడుతుంది

వేగాల లెక్క తెలియక చెడుతుంది. మామూలు డెమ్మీ సైజు తెలుగు పుస్తకంలో, అలవాటున్న పాఠకుడు నవల గంటకు ముప్పయి నలభై పేజీలు చదువుతాడు. మంచి చరిత్ర పుస్తకం పదిహేను ఇరవై సాగుతుంది. శాస్త్రం పది పన్నెండు దాటితే అనుమానించాలి, కళ్లు కదులుతున్నాయి గానీ బుర్రలోకి ఎక్కడం లేదు. వ్యాఖ్యానంతో సహా పాత పద్యమైతే గంటకు ఆరేడు పద్యాలు. ఇవి సుమారు అంకెలే. ఒక వారం గడియారం పెట్టుకుని మీ అంకెలు మీరే రాసుకోండి. శాస్త్రం పుస్తకాన్ని నవల వేగంతో చదివినవాడు ముప్పయ్యో పేజీకి వచ్చేసరికి అంతా ఏదో తెలిసినట్టే ఉంటుంది, ఎవరైనా అడిగితే ఒక్క ముక్కా చెప్పలేడు. అక్కడే ఆ పుస్తకం మూతపడుతుంది.

నెమ్మది పుస్తకానికి పొద్దున్న అరగంట, ముప్పావుగంట కేటాయించండి. వేగం పుస్తకానికి రాత్రి, ప్రయాణం, క్యూ సరిపోతాయి. విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కి ఆముదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగేలోపు నవల ఒక అధ్యాయం హాయిగా అవుతుంది. అదే ప్రయాణంలో తర్కశాస్త్రం తెరిస్తే ఒక పేరానే నాలుగుసార్లు చదవాల్సి వస్తుంది.

రెండు నవలలు ఒకేసారి వద్దు, పాత్రలు కలిసిపోతాయి. రెండు నెమ్మది పుస్తకాలు అసలే వద్దు. వేగం పుస్తకం అయిపోతే ఇంకోటి తెచ్చుకోండి గానీ, అది అయిపోయిందని నెమ్మది పుస్తకాన్ని తొందరపెట్టకండి. రెండిట్లో కనీసం ఒకటి, పైన చెప్పిన ప్రశ్నకు రెండోదానికన్నా వేరే జవాబు ఇచ్చేదై ఉండాలి. చారిత్రక నవలతో చరిత్ర పుస్తకం, వైద్యుడి ఆత్మకథతో వైద్యశాస్త్రం, భూమి మీద రాసిన కథలతో భూమి చట్టాల చరిత్ర బాగా కుదురుతాయి.

చివరిదానికి మన జిల్లాలోనే మంచి జంట ఉంది. శ్రీకాకుళం కథకుడు కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ అనే పెద్ద కథ ఒక అప్పు చుట్టూ, ఆ అప్పు మీద ఊరు పెట్టిన పంచాయితీ చుట్టూ తిరుగుతుంది. ఆ కథ ఉన్న ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దీన్ని ఒక్క కూర్చోవడంలో చదవండి, తర్వాత వారం రోజులు ఇంకో కథ జోలికి పోకండి. ఆ వారం 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి గురించి, 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం గురించి ఆర్థిక చరిత్ర పుస్తకంలో రెండు అధ్యాయాలు చదివి, మళ్లీ కథకు రండి. మొదటిసారి పాత్రల మాటల్లో మామూలుగా వినిపించిన లెక్కలు రెండోసారి బరువుగా వినిపిస్తాయి. చరిత్ర పుస్తకం ఆ పద్ధతి ఎలా నడిచిందో చెబుతుంది. ఆ పద్ధతి కింద బతికినవాడికి తన మాటే తనకు ఎదురెలా తిరిగిందో చెప్పడానికి దాని దగ్గర సాధనం లేదు.

ఒక అంశం, ఐదు పుస్తకాలు: బొబ్బిలి

మూడో దారి ఎలా ఉంటుందో చూడాలంటే బొబ్బిలి యుద్ధం కన్నా మంచి అంశం ఈ రెండు జిల్లాల్లో దొరకదు. యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. ఒక పక్క ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. ఇంకో పక్క బొబ్బిలి రంగారావు. కోట పడిపోయింది. తర్వాత కొద్ది రోజుల్లోనే విజయరామరాజు తన డేరాలో హతమయ్యాడు. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. ఇక్కణ్నుంచి ఒక్కో పుస్తకం ఒక్కోలా చెబుతుంది.

జానపదులు పాడిన పాట ఉంది. అందులో కథంతా బొబ్బిలి పక్షపు వీరుడు తాండ్ర పాపారాయుడి వైపు పరిగెడుతుంది. యుద్ధం జరిగిన కొద్ది దశాబ్దాలకే దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ పేరుతో పద్యకావ్యం రాశాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసులో పనిచేసిన రాబర్ట్ ఆర్మ్ రాసిన యుద్ధాల చరిత్ర ఉంది. జిల్లా చరిత్ర, వివరాలు రాసిపెట్టిన కైఫీయతు లాంటి సర్కారు పుస్తకాలు ఉన్నాయి: 1869లో కార్మైకేల్ వేసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ వేసిన గెజెటీరు. ఆపైన వేదం వేంకటరాయశాస్త్రి రాసిన నాటకం.

మొదట పాట చదవండి. చదవడం అంటే పైకి చదవడం. రెండు గంటల్లో అవుతుంది, కథ నిర్మాణం మనసులో నిలబడుతుంది. ఆర్మ్‌తో మొదలుపెడితే పేర్లు గుర్తుపట్టడమే కష్టం, ఎందుకంటే విజయరామరాజు, రంగారావు ఆయన స్పెల్లింగులో ఎవరో పరాయివాళ్లలా కనిపిస్తారు. పాట తర్వాత గెజెటీరులో బొబ్బిలి గురించి ఉన్న కొద్ది పేజీలు చదవండి. అప్పుడు ఆర్మ్. ఆ తర్వాత పద్యకావ్యంలో కోట ముట్టడి భాగం. నాటకం ఆఖరికి.

నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా ఐదు గళ్లు చేసుకోండి. అడ్డంగా నాలుగు ప్రశ్నలు: యుద్ధం ఎవరి వల్ల వచ్చింది, ఎవరి దగ్గర ఎంత బలం ఉంది, కోటలో ఆడవాళ్లకు పిల్లలకు ఏం జరిగింది, విజయరామరాజును చంపింది ఎవరు. ఒక్కో పుస్తకం ఇచ్చిన జవాబు ఒక్కో గడిలో రాయండి. చెప్పనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీలు ముఖ్యం. పాట సైన్యాల లెక్క చెప్పినా అది లెక్క కోసం చెప్పింది కాదు, వినేవాడి గుండె దడ పెంచడానికి చెప్పింది. ఆర్మ్ ఫిరంగుల సంగతి వివరంగా చెబుతాడు గానీ ఆయన కోట దగ్గర లేడు, ఇతరుల నుంచి సేకరించి రాశాడు. గెజెటీరు తనకన్నా ముందు వచ్చిన పుస్తకాల మీద ఆధారపడుతుంది. అందుకని ఆర్మ్, గెజెటీరు ఒకే మాట చెప్పాయంటే ఇద్దరు సాక్షులు దొరికారని అనుకోకూడదు. పద్యకావ్యం ఎవరి కీర్తి కోసం పుట్టిందో శీర్షికే చెబుతుంది.

విజయనగరం పాఠకుడికి ఇక్కడ ఇంకో అడుగు ఉంది. పాటలో విజయనగరం పూసపాటి వంశం ప్రతినాయక పక్షం. అదే వంశానికి చెందిన చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. బొబ్బిలి పేజీ పక్కన పద్మనాభానికి ఇంకో పేజీ తీయండి. ముప్పయ్యేడేళ్ల తేడాతో జరిగిన ఈ రెండూ పక్కపక్కన చదివితే, పాట ఒక్కటే విని పెంచుకున్న అభిప్రాయం ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

పాత పుస్తకాలు వెతికేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అంతకుముందు పుస్తకాల్లో మన ఊళ్లు ఆ పేర్ల కింద దొరకవు. 1936కు ముందు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, కాబట్టి 1882లో మాల్ట్‌బీ వేసిన గంజాం మాన్యువల్ చూడాలి, అందులోనూ ‘చికాకోల్’ అనే పేరు పట్టుకుని వెతకాలి. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం విశాఖపట్నం జిల్లా పుస్తకాల్లో ఉంటాయి. ఇది తెలియక ‘మన జిల్లా మీద పాత పుస్తకాల్లేవు’ అనుకునేవాళ్లు ఎక్కువ.

శాస్త్రం ఎంచుకునేటప్పుడు

తెలుగులో శాస్త్రం పుస్తకం కొనే ముందు మొదట చూడాల్సింది అచ్చయిన సంవత్సరం, మళ్లీ వేసినదైతే సవరించారా లేదా అన్నది. ఖగోళం పుస్తకంలో గ్రహాలు తొమ్మిది అని ఉంటే అది 2006కు ముందుది, లేదా ఎవరూ సవరించనిది. ఆ సంవత్సరమే ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసేశారు. నవలకు వయసు అడ్డు కాదు, శాస్త్రానికి అడ్డే.

రెండోది, పుస్తకం ఏ విషయాన్ని ఎంత నమ్మకంతో చెబుతోంది అన్నది. దీనికి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎందుకింత ఎక్కువగా ఉందో పరిశోధకులు ఇప్పటికీ ఇదీ కారణం అని తేల్చలేదు. నీళ్లు, మట్టి, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ పరిశీలనలో ఉన్నవే. కాబట్టి ‘ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇదే’ అని అట్ట మీదే తేల్చేసిన పుస్తకం కన్నా, ఎవరిని పరీక్షించారు, ఎంతమందిని, దేన్ని కొలిచారు, ఏది తేలలేదు అని చెప్పే పుస్తకం ఎంచుకోండి. దాన్ని చదవడం కష్టం. చివరి పేజీలో జవాబు ఉండదు. కానీ శాస్త్రం ఎలా ఆలోచిస్తుందో నేర్పేది అదే. దానికి జంటగా ఆ ఊళ్ల మీద రాసిన కథలు పెట్టుకోండి, డయాలసిస్‌కు వెళ్లివచ్చే ఇంటి లెక్క శాస్త్రం పుస్తకంలో ఉండదు.

తుపాను కూడా అలాంటి అంశమే. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కోసారి 165 దాకా వీచింది. ఆ అంకెలు వాతావరణ శాఖ నివేదికలో ఉంటాయి. కూలిన కొబ్బరి మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఉద్యాన శాస్త్రం పుస్తకంలో ఉంటుంది. ఆ ఏళ్లలో ఇల్లు ఎలా గడిచిందో కథల్లో ఉంటుంది. మొదట తుపాను ఎలా పుడుతుందో చెప్పే చిన్న పుస్తకం, వంద పేజీల లోపుది, బొమ్మలున్నది చదవండి. అది లేకుండా నివేదిక తెరిస్తే మొదటి పేజీలోనే పదాలు అడ్డుపడతాయి. తెలియని పదం వచ్చిన ప్రతిసారీ ఆగకండి. పేజీకి మూడు పదాలకు మించి తెలియకపోతే ఆ పుస్తకం ఇప్పటికి మీది కాదు, ఇంకో మెట్టు కిందిది తెచ్చుకోండి.

పద్యం

ఒకే కావ్యం మూడు రకాలుగా అమ్ముతారు. మూలం మాత్రమే ఉన్నది, తాత్పర్యంతో ఉన్నది, ప్రతిపదార్థంతో సహా వ్యాఖ్యానం ఉన్నది. కొత్తవాళ్లు తాత్పర్యం ప్రతి కొంటారు, ధర తక్కువ, పేజీలూ తక్కువ. అదే పొరపాటు. తాత్పర్యం కథ చెప్పేస్తుంది, దాంతో కన్ను పద్యం మీద నిలవదు. నెల తిరిగేసరికి వాళ్లు చదువుతున్నది వచనమే. ప్రతిపదార్థం ఉన్నదే కొనండి.

పద్యం దగ్గర చేయాల్సిన పని ఇది: అర్థం చూడకుండా రెండుసార్లు పైకి చదవండి, యతి దగ్గర ఆగుతూ. తర్వాత సంధులు విడదీసి పెన్సిల్‌తో గీత పెట్టండి. క్రియ ఎక్కడుందో వెతకండి, పద్యంలో అది చాలాసార్లు చివర ఉండదు. ఎవరు, ఏం చేశారు అన్నది పట్టుకున్నాక ప్రతిపదార్థం చూసి సరిచూసుకోండి. ఆఖరికి మళ్లీ ఒకసారి పైకి చదవండి. మాటకు అర్థం దొరకకపోతే శబ్దరత్నాకరం చాలు, ఫోన్‌లోనైతే ఆంధ్రభారతి నిఘంటువు వెతుకులాట సులువు.

మొదలుపెట్టాల్సింది ఆటవెలది, తేటగీతి శతకాలతో. అక్కణ్నుంచి పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రమోక్షం, ఆ తర్వాత తిక్కన విరాటపర్వం, ఉద్యోగపర్వం. తిక్కన పద్యంలో మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటారు. నవలలు చదివి వచ్చినవాళ్లకు ఆయన దగ్గర కాలు నిలుస్తుంది. ప్రబంధాలు మాత్రం రెండో ఏడాది దాకా ఆపండి. వర్ణనలతో నిండిన పద్యాలు రోజుకు రెండు కన్నా సాగవు, మొదట్లోనే వాటిని పట్టుకున్నవాళ్లు పద్యాన్నే వదిలేస్తారు.

నాటకం, ఆత్మకథ, అనువాదం, భాష

నాటకం కొనేటప్పుడు ఏ ప్రతి అని అడగండి. విజయనగరం నాటకమే చూడండి: గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో ఒక రూపంలో అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి, మార్చి రెండో కూర్పు వేశారు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది రెండోది, చదవాల్సిందీ మొదట అదే. రచయిత తన పనిని తనే ఎలా దిద్దుకున్నాడో చూడాలనుకున్నప్పుడు మొదటిది తెచ్చుకోండి. ఇద్దరు ముగ్గురు కూర్చుని పాత్రలు పంచుకుని చదివితే ఒంటరిగా చదివినదానికన్నా ఎంతో దక్కుతుంది, ఎందుకంటే ఆ మాటలన్నీ నోటి మాటలు.

ఆత్మకథ వేగంగా సాగుతుంది, అందుకే అందరూ చదువుతారు. తేదీలకు దాన్ని నమ్మకండి, ఆ కాలపు వాసనకు నమ్మండి.

అనువాదమైతే లోపలి పేజీ తిప్పి మూడు సంగతులు చూడాలి: మూలభాష నుంచి నేరుగా చేశారా, ఇంగ్లీషు మీదుగానా, పూర్తిగానా, సంక్షిప్తమా, అనువాదకుల పేరు ఉందా. పేరు వేయని అనువాదం కొనకండి. ‘సంక్షిప్తం’ అన్న మాట చాలాసార్లు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరేడొందల పేజీల నవల నూట యాభై పేజీలకు దిగితే మిగిలేది సంఘటనల జాబితానే. ఒడిశా మనకు పొరుగు. అక్కడి నవలలు ఒడియా నుంచి నేరుగా తెలుగులోకి వచ్చినవి ఎంచుకుంటే భూమి, వాన, పండగలు తెలిసినవే కాబట్టి అడుగు తడబడదు. నేషనల్ బుక్ ట్రస్ట్ ‘ఆదాన్ ప్రదాన్’ వరస, సాహిత్య అకాడమీ ప్రచురణలు ధరలోనూ అందుబాటులో ఉంటాయి.

భాష గురించిన పుస్తకాలను చాలామంది ఒక రకంగానే ఎంచరు, అది అన్యాయం. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పక్కనున్న సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. నిఘంటువును మొదటి నుంచి చివరి దాకా ఎవరూ చదవరు. కానీ అడవికి, కొండ పోడుకు, వానకు ఒక భాషలో ఎన్ని మాటలున్నాయో ఒక గంట తిరగేసి చూస్తే, ఏ కథా చెప్పనిది తెలుస్తుంది.

కొనడమా, తెచ్చుకోవడమా, ఫోన్‌లోనా

నెమ్మదిగా చదివేవి కొనండి: వ్యాఖ్యానంతో ఉన్న పద్యకావ్యం, నిఘంటువు, గీతలు గీసుకునే చరిత్ర. వేగంగా చదివేవి గ్రంథాలయం నుంచి తెచ్చుకోండి: నవలలు, యాత్రా రచనలు, ఆత్మకథలు. పాతిక పేజీలు మాత్రమే కావాల్సిన పాత మాన్యువల్, గెజెటీరు లాంటివి స్కాన్ దించుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నవలలతో బీరువా నింపి, పద్యకావ్యం మాత్రం గడువుకు తిరిగి ఇచ్చేయాల్సిన గ్రంథాలయ ప్రతితో చదవబోతారు.

మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. ఆ హక్కు వాడుకోండి. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి గానీ, మీ ఊరి శాఖకు గానీ వెళ్లినప్పుడు ఒకే అర దగ్గర ఆగిపోకండి. డ్యూయీ అంకెలు వేసిన చోట 300 సమాజం, 500 శాస్త్రం, 600 వ్యవసాయం, వైద్యం, పరిశ్రమలు, 800 సాహిత్యం, 900 చరిత్ర, భూగోళం. నెలకు తెచ్చే పుస్తకాల్లో ఒకటైనా మీరు గత నెల ముట్టని వందలోంచి తీయండి.

కథల కోసం శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. అక్కడికి వెళ్లేముందు ఏ కథ, ఏ రచయిత, ఏ కాలం అన్నది రాసుకుని వెళ్లండి; ఊరికే చూద్దామని వెళ్తే పూట గడిచిపోతుంది. కథను సంకలనంలో కాకుండా అది మొదట వచ్చిన పత్రికలో చూడగలిగితే చూడండి. ఆ సంచికలోని ప్రకటనలు, సంపాదకీయం, ధర చూస్తే కథ ఏ రోజుల్లోంచి మాట్లాడుతోందో అర్థమవుతుంది. మీ దగ్గర కథలున్న పాత పత్రికలు, విడి కాగితాలు ఉంటే తూకానికి వేసే ముందు అక్కడ ఒక మాట అడగండి.

స్కాన్లలో ఇబ్బంది పేర్లది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు, ‘యుద్ధం’ ఒక్కటే నాలుగైదు రకాలుగా ఉంటుంది. శీర్షికతో దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి. దించుకోగానే మొదటి పది, చివరి పది పేజీలు, మధ్యలో ఒక పది చూడండి. పేజీలు ఎగిరిపోయినవి, రెండుసార్లు పడినవి చాలా ఉంటాయి, సగం చదివాక తెలిస్తే కష్టం. వికీసోర్స్‌లో ఉన్న పుస్తకమైతే అక్షరాలుగా ఎక్కించి దిద్దిన ప్రతి, ఫోన్‌లో కళ్లకు హాయి.

ఎవరికి ఏది

పోటీ పరీక్షకు చదువుతున్నవాళ్లకు నెమ్మది పుస్తకం ఇప్పటికే చేతిలో ఉంది. వాళ్లకు కావాల్సింది రాత్రి అరగంటకు కథలు, అదీ వాళ్లు పొద్దున్న చదివిన కాలానికి చెందినవి. ఇంకో చరిత్ర పుస్తకం వద్దు.

ఇంటి పని చూసుకుంటూ చదివే గృహిణికి, చిన్న చిన్న విరామాలే దొరుకుతాయి కాబట్టి, వేగం పుస్తకంగా నవల కన్నా కథల సంపుటి మేలు, నెమ్మది పుస్తకంగా శతకం లేదా చిన్న శాస్త్ర వ్యాసాలు. రోజుకు నాలుగు పద్యాలు పనుల మధ్య నోటికి వస్తాయి.

రైతుకు ఉభాల రోజుల్లో కొత్త రకం మొదలుపెట్టమని చెప్పడం తగదు. అప్పుడు తెలిసిన పుస్తకమే మళ్లీ చదవాలి. నూర్పులు అయి సంక్రాంతి దాటాక రెండు మూడు నెలలు అంశం పద్ధతికి అనువైన కాలం, నేల మీద, నీళ్ల మీద, వంశధార, నాగావళి మీద ఐదు రకాల పుస్తకాలు అప్పుడు పెట్టుకోవచ్చు.

రిటైరైన పెద్దలకు సమయం ఉంది, కళ్లు సహకరించవు. అక్షరం పెద్దగా ఉన్న ప్రతి చూసుకోవాలి, గంటకు మించి ఒకే బిగిన వద్దు. పురాణాలు చదివి ఉన్నవాళ్లు పద్యంలో అప్పటికే ముందున్నారు. వాళ్లకు పనికొచ్చేది శాస్త్రం, అందులోనూ తమ ఒంటి గురించి, తమ ఊరి చెట్టు చేమల గురించి చెప్పేది.

బడి పిల్లలకు జంట పుస్తకాలు పెద్దవాళ్లు ఎంచి ఇవ్వకూడదు. ఐదు రకాలు బల్ల మీద పరిచి రెండు తీసుకోమనాలి. తీసుకున్న రెండూ ఒకే రకమైతే ఒకటి మార్చుకోమనాలి, అంతే. ఇరవై పేజీలు చదివి నచ్చలేదంటే తిరిగి తీసుకుని, ఎక్కడ ఆగిపోయావో చూపించమని అడగండి. చూపించిన పేజీలో తెలియని మాటలు ఎక్కువుంటే అదే రకంలో ఇంకా చిన్నది ఇవ్వండి. మాటలన్నీ తెలిసినవే అయితే వేరే రకం ఇవ్వండి.